రెండో పికప్

ఒకటి కంటే రెండు ఎక్కువ కదా అనుకున్నాను. బేస్ గిటార్ విషయంలో నా తెలివితక్కువతనమంతా ఈ లెక్క దగ్గరే మొదలైంది. తీగల నాదాన్ని పట్టుకునే పికప్ ఒక్కటే ఉన్న బేస్ ఒకే రకం నాదం ఇస్తుంది. రెండున్నదైతే ముందుది విడిగా, వెనకది విడిగా, రెండూ కలిపి ఇంకో రకంగా పలుకుతుంది. నాబులు అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఇంకెన్నో. అన్ని రకాల పాటలూ వాయించాల్సిన ఆర్కెస్ట్రావాడికి రెండు పికప్పులదే సరైనది. ఇదీ నా సిద్ధాంతం. నమ్మి ఊరుకున్నా బాగుండేది. విజయవాడలో రిహార్సల్ గదుల్లో, కల్యాణ మండపాల స్టేజీల వెనక, కొత్తగా బేస్ పట్టుకున్న ప్రతి కుర్రాడికీ ఇదే చెప్పాను. వయసులో పెద్దవాణ్ణి, కాస్త చేయి తిరిగినవాణ్ణి కాబట్టి నా మాట చెల్లింది. చెల్లడం వల్లే నష్టం జరిగింది. పోయింది నా ఒక్కడి డబ్బే అయితే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

నా మొదటి బేస్ ప్రెసిషన్ నమూనాలో చేసిన కాపీ. వాయించడం మానేసిన ఒక పెద్దాయన దగ్గర సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. దానికి ఒకటే పికప్, రెండే నాబులు, ఒకటి వాల్యూమ్, ఒకటి టోన్. అసలు ప్రెసిషన్ బేస్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తయారుచేసినది. అంతకు ముందు బేస్ వాయించేవాడు మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ మోసుకుంటూ తిరిగేవాడు, బాకాలూ డ్రమ్సూ మోగుతుంటే అతని స్వరం ఎవరికీ వినపడేది కాదు. ఫెండర్ దాన్ని మెడలో వేసుకునే వాద్యంగా మార్చి, మెట్లు బిగించి, ఆంప్‌కి తగిలించాడు. 1957లో దాని పికప్‌ని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క ఇ, ఏ తీగల కింద, రెండోది కాస్త పక్కకి జరిగి డి, జి తీగల కింద.

అన్నేళ్లు ఆ బేస్ మెడలో వేసుకుని తిరిగాను గానీ ఆ పికప్ ఎందుకు రెండు ముక్కలుగా ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. అది అందం కోసం చేసిన పని కాదు. రెండు ముక్కల్లో రాగి తీగ చుట్టిన తీరు ఒకదానికొకటి ఎదురు, అయస్కాంతాల దిశా ఎదురు. గాల్లోంచి వచ్చే కరెంటు గుర్రుమనే చప్పుడు రెండు ముక్కల్లోకీ సమానంగా దూరి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగల నాదం మాత్రం చెక్కుచెదరకుండా వస్తుంది. ట్యూబులైట్లూ, డిమ్మర్లూ, జనరేటరూ, సరిగా ఎర్తింగ్ లేని వైరింగూ ఉన్న మన మండపాల్లో ఇదెంత వరమో నాకు తెలియలేదు. అది నిశ్శబ్దంగా ఉండేది కాబట్టి నిశ్శబ్దమనేది అన్ని బేస్‌లకీ ఉండే గుణమే అనుకున్నాను.

దాన్ని అమ్మేసి జాజ్ బేస్ నమూనా కొన్నాను. జాజ్ బేస్ 1960లో వచ్చింది. దానికి రెండు పొడుగాటి పికప్పులు, ఒకటి నెక్ వైపు, ఒకటి బ్రిడ్జి దగ్గర. చెరొక వాల్యూమ్, రెండింటికీ కలిపి ఒక టోన్ నాబ్. నెక్ సన్నగా ఉంటుంది. నట్ దగ్గర ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. వేళ్లు సులువుగా పరిగెత్తాయి. ఆ సులువు కూడా పికప్పుల మహిమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఒకే పికప్ వాద్యానికీ రెండు పికప్పుల వాద్యానికీ తేడా అని మనం చెప్పుకునేదాంట్లో చాలా భాగం నెక్ వెడల్పు తేడా, తీగల తేడా, చెక్క బరువు తేడా. వాటన్నిటినీ తీసుకెళ్లి పికప్పుల సంఖ్య ఖాతాలో వేశాను.

పైగా నా వాదనకి పెద్దవాళ్ల పేర్లు తోడు తెచ్చుకున్నాను. జాకో పాస్టోరియస్ వాయించింది 1962 నాటి జాజ్ బేస్. మార్కస్ మిల్లర్ ది 1977 నాటి జాజ్ బేస్. లెడ్ జెప్లిన్ లో జాన్ పాల్ జోన్స్ ది కూడా జాజ్ బేస్. ఇంకేం కావాలి అనేవాణ్ణి. అవతలి వైపు జాబితా నాకు తెలియక కాదు. డెట్రాయిట్‌లో ఎన్నో మోటౌన్ పాటలకి పునాది వేసిన జేమ్స్ జేమర్సన్, మెంఫిస్‌లో స్టాక్స్ రికార్డులకి వాయించిన డక్ డన్, లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డింగులు చేసిన కరోల్ కే, ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్, వీళ్లందరూ ఒక్క పికప్ ఉన్న ప్రెసిషన్ మీద వాయించినవాళ్లే. సోల్ నుంచి హెవీ మెటల్ దాకా ఒకే రకం వాద్యం అంతదూరం వెళ్లగలిగిందంటే, ఒక్క పికప్‌కి ఒకే నాదం అన్న నా మాట అప్పుడే కూలిపోవాలి. ఆ జాబితా ఎవరైనా ఎత్తితే, వాళ్ల కాలంలో వేరే దారి లేదులే అని కొట్టిపారేసేవాణ్ణి. జేమర్సన్ ప్రెసిషన్ 1962 నాటిది. అప్పటికి రెండేళ్ల నుంచీ జాజ్ బేస్ దుకాణాల్లో ఉంది.

పికప్ చేసే పనేమిటో తెలియకుండానే ఇన్ని తీర్పులు చెప్పాను. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగని వేల చుట్లు చుడితే పికప్. దాని మీద ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం చెదిరి, చుట్టలో కరెంటు పుడుతుంది. బళ్లో చదివిన ఫారడే పాఠమే. కానీ ముఖ్యమైన సంగతి ఒకటుంది. పికప్ తీగ మొత్తాన్నీ వినదు. సరిగ్గా తన తల మీదున్న ఆ కొంచెం మేర తీగ ఎలా కదులుతోందో అంతే వింటుంది. కాబట్టి దాన్ని ఎక్కడ బిగించారన్నదే దాని స్వభావం.

బేస్ తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు. ఇ తీగని ఖాళీగా మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. అది మూలస్వరం. దాంతోపాటే రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో అనుస్వరాలు అదే తీగ మీద పుడతాయి. ఒక్కొక్క అనుస్వరానికీ తీగ మీద కొన్నిచోట్ల పెద్ద ఊపు, కొన్నిచోట్ల అసలు కదలికే ఉండదు. కదలిక లేని చోట పికప్ ఉంటే ఆ అనుస్వరం దానికి లేనట్టే. బ్రిడ్జి దగ్గర తీగ కట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడ మూలస్వరం ఊపు చాలా తక్కువ, పై అనుస్వరాల వాటా ఎక్కువ. అందుకే వెనక పికప్ సన్నగా, గట్టిగా, కాస్త ముక్కుతో పలికినట్టు వినిపిస్తుంది. నెక్ వైపు వస్తున్నకొద్దీ మూలస్వరం పెరిగి నాదం నిండుగా, గుండ్రంగా ఉంటుంది.

ఇక రెండు పికప్పులూ పూర్తిగా తెరిస్తే ఏమవుతుంది? రెండు నాదాలూ కలిసి రెట్టింపు అవుతాయని నేననుకున్నాను. అది జరగదు. 1960ల నాటి జాజ్ బేస్ లో రెండు పికప్పుల మధ్య దూరం 3.6 అంగుళాలు. 1970ల్లో వెనకదాన్ని ఇంకాస్త బ్రిడ్జి వైపు జరిపి 4 అంగుళాలు చేశారు. కొన్ని అనుస్వరాల విషయంలో, తీగ ముందు పికప్ మీద పైకి లేస్తున్న క్షణంలోనే వెనక పికప్ మీద కిందికి దిగుతుంటుంది. ఊయలని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకేసారి తోస్తే అది కదలకుండా ఆగిపోయినట్టు, ఆ అనుస్వరాలు రెండు పికప్పుల మధ్యా రద్దయిపోతాయి. ఆ దూరానికి లెక్క కడితే ఇ తీగ మీద ఎనిమిదో తొమ్మిదో అనుస్వరం దగ్గర, అంటే మూడు నాలుగు వందల హెర్ట్జ్ ప్రాంతంలో ఈ కోత పడుతుంది. ఏ తీగ మీద ఇంకాస్త పైన. అడుగు నిండుగా ఉంటుంది, పైన మెరుపు ఉంటుంది, నడుమే పలచబడుతుంది.

ఇంట్లో ఒంటరిగా వాయించుకుంటే ఆ నాదం అద్భుతంగా ఉంటుంది. అబద్ధం చెప్పను, ఇప్పటికీ నాకది ఇష్టం. బొటనవేలితో కొట్టి చూపుడువేలితో లాగే స్లాప్ పద్ధతికి సరిగ్గా అదే కావాలి. మార్కస్ మిల్లర్ రెండు పికప్పులూ తెరిచి అలా వాయిస్తే ప్రతి దెబ్బా గాజుముక్కలా విడివిడిగా మెరుస్తుంది. కానీ నేను వాయించేది ఒంటరిగా కాదు. నా చుట్టూ రెండు కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు, తబలా, డోలక్, లీడ్ గిటార్ ఉంటాయి. కీబోర్డువాడి ఎడమచేయి నా అడుగుని మింగుతుంది. సింబల్స్, గాయకుల గొంతులు పైన ఉంటాయి. బేస్ ఏ స్వరం పలుకుతోందో జనానికి తెలియాల్సింది ఆ నడుమ భాగంలోనే. మండపాల్లో పెట్టే చాలా స్పీకర్లు 41 హెర్ట్జ్ మూలస్వరాన్ని సరిగా పలికించలేవు, ఫోన్ అయితే అసలు పలికించలేదు. అయినా మనకి మంద్రస్వరం వినిపిస్తుంది, ఎందుకంటే పైనున్న అనుస్వరాల వరసని బట్టి చెవి ఆ మూలస్వరాన్ని తనే కల్పించుకుంటుంది. ఆ వరసలో నడుమవాటిని నా చేత్తో నేనే కోసేసి, మూలస్వరం వినపడలేదేమని స్పీకర్ల మీద పడ్డాను.

ఒకరోజు ఇళయరాజా పాటల కార్యక్రమం. తెలుగువాళ్లకి బేస్ గిటార్ అంటే ఏమిటో నేర్పింది ఆ పాటలే. 'సాగర సంగమం' నుంచి 'గీతాంజలి' దాకా ఆయన పాటల్లో బేస్ తాళం వెనక నడిచే తోడు కాదు, గాయకుడి పక్కన నడిచే రెండో రాగం. ఆయన ప్రతి వాద్యానికీ స్వరాలు రాసి ఇచ్చేవారు. బేస్ మీద శశిధరన్ ఆ స్వరాలకి ప్రాణం పోశారు. వాటిని వాయించేటప్పుడు ఒక్క స్వరం వినపడకపోయినా తెలిసిన చెవికి పాట కుంటుతుంది. నేను రెండు పికప్పులూ పూర్తిగా తెరిచి వాయిస్తున్నాను. మొదటి పాట అయ్యాక మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడు స్టేజీ పక్కకి వచ్చి, మెల్లిగా, "గురువుగారూ, సౌండు ఉంది గానీ స్వరం తెలియట్లేదు. వెనక నాబు కొంచెం తగ్గించి చూస్తారా" అన్నాడు.

అంతకంటే మంచి మాట ఆ విషయంలో నాకు ఎవరూ చెప్పలేదు. జాజ్ బేస్ లో ఒక వాల్యూమ్‌ని కొద్దిగా తగ్గిస్తే చాలు, రెండు పికప్పులూ సమానంగా ఉండవు కాబట్టి ఆ కోత పూర్తిగా పడదు, నడుమ భాగం తిరిగి వస్తుంది. అది అతనికి తెలుసో, చెవితో కనిపెట్టాడో నాకు తెలియదు. నేను మాత్రం అందరి ముందూ, "నా వాద్యం గురించి నాకు చెప్పకు, నీ మిక్సర్ చూసుకో" అన్నాను. ఆంప్ వాల్యూమ్ పెంచాను. పెంచితే గర్జన పెరిగింది గానీ స్వరం రాలేదు. గాయని చెవి మూసుకుని పాడింది. ఆ తర్వాత ట్రూపు లీడరుతో మాట్లాడి తర్వాతి కార్యక్రమాలకి ఇంకో మనిషిని పెట్టించాను. అతను మళ్లీ మా స్టేజీ మీద కనిపించలేదు. చెవి ఉన్న మనిషిని, చెవి ఉన్నందుకే తప్పించాను. పికప్పుల గురించి పొరబడటం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

రెండో సంగతి ఒక ఆటో డ్రైవరు గారి అబ్బాయిది. ఇంటర్ చదువుతూ నా దగ్గర నేర్చుకునేవాడు. తండ్రి కొనిచ్చిన ప్రెసిషన్ రకం బేస్ ఉండేది. పేరున్న కంపెనీది కాదు, కానీ నెక్ నిటారుగా ఉండేది, శ్రుతి నిలిచేది, నాదం ముద్దగా, స్పష్టంగా ఉండేది. ఆ వాద్యం కూర్చుని వినాల్సినంత బాగుండేది. అది విని కూడా నేను, "ఒక్క పికప్‌తో ఎంతకాలం ఈడుస్తావురా, ముందు దీన్ని మార్చు" అన్నాను. వాడు నా మాట వేదం అనుకున్నాడు. దాన్ని నష్టానికి అమ్మేశాడు. వాళ్ల అమ్మ చీటీ పాడి ఎత్తుకున్న డబ్బు కలిపి, రెండు పికప్పులదే కావాలని పట్టుబట్టి, ఆ డబ్బులో దొరికినది కొన్నాడు. తక్కువ ధరలో రెండు పికప్పులూ, మూడు నాబులూ, ఎక్కువ వైరింగూ పెట్టినవాడు మిగతా చోట ఎక్కడో ఒక చోట తగ్గిస్తాడు. దాని నెక్ మొదటి వానాకాలానికే వంగింది. ట్యూనింగ్ కీలు జారాయి. ఒక పికప్ విడిగా వాడితే గుర్రుమనేది. జాజ్ బేస్ పికప్పుల్లా ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ విడిగా వాడితే ఆ చప్పుడు తప్పదు. జాజ్ బేస్ లో రెండింటినీ ఎదురెదురుగా చుట్టి ఉంటే, రెండూ సమానంగా తెరిచినప్పుడే అది రద్దవుతుంది. అంటే నేను గొప్పగా చెప్పిన ఆ రకాల్లో మిగతావన్నీ చప్పుడుతో కలిసి వచ్చేవే. ఇది నేను వాడికి చెప్పలేదు. నాకే తెలియదు.

నాకు తెలిసొచ్చింది నా తెలివితో కాదు. నా జాజ్ బేస్ లో వాల్యూమ్ నాబ్ కరకరలాడుతుంటే బాగుచేయడానికి ఇచ్చాను. ఆ రాత్రి కార్యక్రమానికి స్నేహితుడి దగ్గర ప్రెసిషన్ అరువు తెచ్చుకున్నాను. అరువు వాద్యం కదా అని ఏమీ ముట్టుకోలేదు, వాల్యూమ్ పూర్తిగా, టోన్ సగం. మొదటి పల్లవిలోనే డ్రమ్మర్ నా వైపు తిరిగి చూశాడు. మిక్సర్ దగ్గర ఎవరూ ఏమీ పెంచలేదు. ఏళ్ల తరబడి వాయిస్తున్న అవే స్వరాలు ఒక్కొక్కటీ గదిలో నిలబడ్డాయి.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని జేమర్సన్‌ని మళ్లీ వినడం మొదలుపెట్టాను. 1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' లో బేస్ ని వెతుక్కుంటూ వినండి. అతను డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. గీతలు లేని నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క. మోటౌన్‌లో బేస్‌ని ఆంప్ నుంచి కాకుండా నేరుగా మిక్సర్‌లోకి తీసుకునేవారు. చాలాకాలం రికార్డుల మీద అతని పేరు కూడా వేయలేదు. ఒక వేలు, ఒక పికప్, పాత తీగలు. ఆ మూడింటితోనే ఒకచోట మూలుగు, ఒకచోట నడక, ఒకచోట నవ్వు. ఆ రకాలు నాబుల్లోంచి రాలేదు.

అప్పుడు చేయవలసిన పని, తొలినాడే చేయాల్సింది, చేశాను. ప్రెసిషన్ తెచ్చుకుని కూర్చుని కుడిచేతిని అంగుళం అంగుళం జరుపుతూ ఒకే స్వరం మీటాను. నెక్ అంచు మీద మీటితే డబుల్ బేస్ లా మెత్తగా. పికప్ మీద మీటితే నిండుగా. బ్రిడ్జి వైపు జరిగితే బిగుతుగా. అరచేయి అంచు తీగల మీద ఆనించి బొటనవేలితో మీటితే పాత సినిమా పాటల్లోని పొట్టి, పొడి స్వరం. టోన్ నాబ్ పూర్తిగా మూస్తే ఒకటి, సగం తెరిస్తే ఇంకొకటి. ఫ్లాట్‌వౌండ్ తీగలు తీసి రౌండ్‌వౌండ్ వేస్తే అది ఇంకో వాద్యమే. ఒక్క నాదం అని నేను ఏళ్లపాటు చెప్పిన దానిలో ఇన్ని ఉన్నాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. ఒక తప్పు తెలిశాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తప్పులోకి నడిచాను. రెండో పికప్ దండగ, అది దుకాణంలో మెరవడానికి పెట్టే అలంకారం, చేయి తెలిసినవాడికి ఒక్కటి చాలు, నాదమంతా వేళ్లలోనే ఉంది అని చెప్పడం మొదలుపెట్టాను. మళ్లీ అదే గొంతుతో, అదే ధీమాతో. పాత మాట వెనక్కి తీసుకున్నానని కూడా ఎవరికీ చెప్పలేదు.

ఒక చిన్న స్టూడియోలో భక్తిగీతాల రికార్డింగుకి వెళ్లాను. నా తర్వాత ఒకమ్మాయి వచ్చింది, మెట్లు లేని జాజ్ బేస్ తీసుకుని. నేను వెళ్లిపోకుండా కూర్చుని, వెనక పికప్ గురించి నా కొత్త సిద్ధాంతం అక్కడున్నవాళ్లకి చెప్పాను. ఆమె వినయంగా విని, ముందు పికప్ పూర్తిగా మూసేసి, వెనకది ఒక్కటే తెరిచి, బ్రిడ్జికి దగ్గరగా చేయి పెట్టి ఆలాపన లాంటి నాలుగు వరసలు వాయించింది. స్వరం నుంచి స్వరానికి జారుతూ, మనిషి గొంతులోంచి వచ్చినట్టు. జాకో పాస్టోరియస్ తన జాజ్ బేస్ మెట్లు పీకేసి, గాడులు పూడ్చి, పలక మీద ఎపాక్సీ పూత పూసి, వెనక పికప్ వైపే మొగ్గి తెచ్చిన నాదం అది. 1976లో అతని మొదటి సొంత ఆల్బమ్ విన్నవాళ్లకి బేస్ గిటార్ ఇలా పాడగలదా అనిపించింది. ఆ నాదం నాకు తెలుసు, ఇష్టపడ్డాను, దాని పేరు చెప్పే వాదించాను కూడా. అయినా ఆ పూట వెనక పికప్ అలంకారమన్నాను.

ఇంటికొచ్చి అదే వరస నా ప్రెసిషన్ మీద బ్రిడ్జి పక్కన మీటి చూశాను. గట్టిదనం వచ్చింది, పదును వచ్చింది, ఆ గొంతు మాత్రం రాలేదు. మెట్లు ఉండటం ఒక కారణం. అది ఒక్కటే కాదు. చేయి ఎక్కడ మీటితే తీగలో ఏయే అనుస్వరాలు ఎంతెంత పుడతాయో అది చేయి సంగతి. పుట్టినవాటిలో ఏవి వినాలో అది పికప్ స్థానం సంగతి. పికప్ ఉన్నచోట కదలని అనుస్వరాన్ని ఎంత గొప్ప చేయి మీటినా ఆ పికప్ వినలేదు. నాదమంతా వేళ్లలోనే ఉందన్న మాట వినడానికి బాగుంటుంది, వాయించేవాడి గౌరవం పెంచుతుంది, కానీ అది సగమే నిజం. మిగతా సగం ఆ చెక్కలో ఎక్కడ గాడి తవ్వి ఎక్కడ అయస్కాంతం పెట్టారన్నది.

ఒకటా రెండా అన్న లెక్క ఎంత పనికిరానిదో చూపడానికి 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే చాలు. దానికీ ఒకటే పికప్. కానీ అది బ్రిడ్జి వైపు బిగించిన పెద్ద హంబకర్ (చప్పుడు రద్దయ్యేలా రెండు చుట్టలు కలిపిన పికప్), లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్. 1979లో షీక్ బృందం 'గుడ్ టైమ్స్' లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దాని మీద వాయించిన వరస ప్రెసిషన్ లాగా ఉండదు, జాజ్ లాగా ఉండదు. గిబ్సన్ ఈబీ-0 కీ ఒకటే, అది నెక్ కి ఆనుకుని ఉంటుంది, నాదం మందంగా, పొగమంచులా ఉంటుంది. పికప్ ఒకటే అయిన ఈ మూడూ ఒకదానికొకటి ఎంత దూరమంటే, ప్రెసిషన్‌కీ స్టింగ్‌రేకీ మధ్య ఉన్న తేడా, జాజ్ బేస్ నాబుల మధ్య నేను లెక్కపెట్టుకున్న రకాలన్నిటి తేడా కంటే ఎక్కువ.

ఈమధ్య ఎవరైనా ఏది కొనాలని అడిగితే, ఏం వాయిస్తావు, ఎక్కడ వాయిస్తావు, ఎంత పెట్టగలవు అని ఎదురు అడుగుతున్నాను. ఒక్కటే బేస్, చేతిలో తక్కువ డబ్బు, చుట్టూ చాలా వాద్యాలు, సరిలేని కరెంటు అంటే స్ప్లిట్ పికప్ ఉన్న ప్రెసిషన్ రకమే నా సలహా. స్టూడియోలో రకరకాల పని, స్లాప్, ఫ్రెట్‌లెస్, ఒంటరిగా రాగం వాయించడం ఉంటే జాజ్. ముందు ప్రెసిషన్ పికప్, వెనక జాజ్ పికప్ పెట్టిన పీజే రకం రెండూ ఇస్తుందంటారు. ముందుది ఒక్కటే తెరిస్తే ప్రెసిషన్‌కి బాగా దగ్గరగా ఉంటుంది, అది నిజం. కానీ వెనకది సాధారణ సింగిల్ కాయిల్ అయితే గుర్రుమంటుంది, ముందుదాని పక్కన దాని బలమూ తక్కువే, కొనే ముందు రెండింటి ఎత్తూ సర్దించుకుని వినాలి. నిజానికి నేను చెప్పగల మేలైన సలహా, కొనాలనుకున్న వాద్యాన్ని దుకాణంలో ఒంటరిగా కాకుండా ఏదైనా పాట మోగుతుండగా దానితో కలిపి వాయించి చూడమని. నా ఏళ్ల గందరగోళం అక్కడే పావుగంటలో తేలిపోయేది.

మిక్సర్ దగ్గరి కుర్రాడి కోసం వాకబు చేశాను. హైదరాబాద్ వెళ్లాడని తెలిసింది. ఫోను చేసి జరిగింది గుర్తుచేసి, తప్పు నాదేనని చెప్పాను. "అప్పుడు చాలా కష్టమనిపించింది గురువుగారూ" అన్నాడు. పర్వాలేదని అనలేదు. అనకపోవడమే న్యాయం.

ఆటో డ్రైవరు గారి అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో వాయిస్తున్నాడు. వాడికి నా ప్రెసిషన్ ఇస్తానని తీసుకెళ్లాను. వద్దన్నాడు. "మాస్టారూ, నెక్ మార్పించాను, కీలు మార్పించాను, దీనికి అలవాటు పడ్డాను. ఆ హమ్ తగ్గించే దారి చెప్పండి చాలు" అన్నాడు. ఆ పూటే దాని వెనక మూత విప్పాం. తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గాలి. వాడి బేస్ లో తగ్గట్లేదు, ఎందుకంటే బ్రిడ్జి కిందికి వెళ్లాల్సిన ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. దాన్ని సోల్డర్ చేశాం. గాడుల లోపలంతా రాగి రేకు అంటించి దాన్నీ ఎర్త్ చేశాం. పికప్పులు రెండూ విప్పి చూస్తే ఒకే దిశలో చుట్టినవే బిగించారు, అందుకే రెండూ తెరిచినా చప్పుడు పోవట్లేదు. ఒకటి ఎదురు చుట్టుది తెప్పించి వేశాం. ఇప్పుడు రెండూ పూర్తిగా తెరిస్తే నిశ్శబ్దం, వెనకది కాస్త తగ్గిస్తే కొద్దిపాటి చప్పుడుతో నడుమ భాగం నిండుగా వస్తోంది. వాడు ఆ రెండో పద్ధతినే ఎంచుకున్నాడు.